తన విచారణకు తనే పెద్ద

మగ్గాల బస్తీ నార్పోలిలో మా కుల సంఘం అధ్యక్షుడు నాకు వరసకు మేనమామ. మాలో సగం మందిమి ఆయన మగ్గాల మీదే పనిచేసేవాళ్లం. రోజూ పొద్దున చాయ్ దుకాణం ముందు కూర్చుని మాకు పేపరు గట్టిగా చదివి వినిపించేవాడు. అమెరికా అధ్యక్షుడు అధికారాన్ని సొంతానికి వాడుకున్నాడని అక్కడ విచారణ మొదలైనప్పుడు ఆయన సంతోషానికి అంతులేదు.

"ఎంత పెద్ద కుర్చీల కూసున్నోడైనా జవాబు చెప్పాలె. న్యాయమంటే గదీ" అన్నాడు.

రెండు గల్లీల అవతల నుంచి నీళ్ల బిందెలు మోసుకొచ్చే మా చిన్నమ్మ అక్కడే ఉంది. "గట్లయితే అందరికని ఏసిన సంఘం నల్లా నీ ఇంట్లకు ఎట్ల పోయింది అన్నా?" అని అడిగింది.

మామ కోప్పడలేదు. ఆ ఆదివారమే సభ పెట్టించాడు. తన మీద విచారణకు తనే పెద్దగా కూర్చున్నాడు. తనకు తానే రెండు ప్రశ్నలు వేసుకుని, జవాబులకు తృప్తిపడి, తాను నిర్దోషినని ప్రకటించాడు. చిన్నమ్మ తప్ప అందరం చప్పట్లు కొట్టాం. ఆమె బిందె తీసుకుని నీళ్లకు వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు అమెరికా అధ్యక్షుడు రాజీనామా చేశాడని పేపర్లో వచ్చింది. మామ చదివి జాలిపడ్డాడు.

"పాపం, విచారణ ఎట్ల చేసుకోవాల్నో ఆయనకు ఎవ్వరు చెప్పలే."