మొదటి ఏడాదే మాట్లాడతానన్న డార్లా

మా అన్న కూతురు డార్లా కాలేజీలో చేరిన వారానికే ఏ క్లాసులు తీసుకోవాలో చెప్పే అక్కడి సలహాదారుతో పేచీ పెట్టుకుంది. నలుగురి ముందు మాట్లాడటం నేర్పే క్లాసు కొత్తపిల్లలను బెదరగొడుతుందట, చివరి ఏడాది తీసుకోమన్నాడాయన.

"అప్పటిదాకా మా బావులు ఆగుతాయాండీ?" అని అడిగిందట.

అమెరికాలో, కెంటకీలో, మా కొండను బొగ్గు గనివాళ్లు తవ్వడం మొదలుపెట్టినప్పటి నుంచి లోయలో ఏ బావి తోడినా నల్లనీళ్లే. టౌను నుంచి మాకు మంచినీళ్ల పైపు వెయ్యాలా వద్దా అన్నది నవంబరులో సభ పెట్టి తేలుస్తామన్నారు కౌంటీ పెద్దలు, అంటే మా జిల్లా పెద్దలు. ముందుగా పేరిచ్చిన వాళ్లెవరైనా మాట్లాడొచ్చు, మనిషికి మూడు నిమిషాలు. పోయినసారి మావాళ్లు కొందరు తిట్టి, కొందరు ఏడ్చి, అసలు సంగతి చెప్పకుండానే కూర్చున్నారు. నేనైతే లేవనే లేదు.

డార్లా భయపడుతూనే ఆ క్లాసులో చేరింది. మా కొండ యాసకు టౌను పిల్లలు కిసుక్కుమన్నారు. అయినా వారం వారం లేచి మాట్లాడింది. ఆ సలహాదారును తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. భయం ఉన్నప్పుడు కాక, పోయాక నేర్చుకుంటారా ఎవరైనా?

సభలో డార్లా ఏ బావి ఎప్పుడు పాడైందో తొణక్కుండా చెప్పుకొచ్చింది. మూడు నిమిషాలు కాగానే సగంలోనే మైకు కట్టేశారు. తర్వాతి పేరు నాది, డార్లా పోరు పెడితే ముందే ఇచ్చాను. లేచానే గాని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

మా చర్చిలో పాటల పుస్తకాలుండవు. ఒకరు చరణం అందిస్తే మిగతావాళ్లం అందుకుంటాం. డార్లా నా వెనక నిలబడి అలాగే ఒక్కో మాట అందించింది. నేను అందుకున్నాను.

అధ్యక్షుడు బల్ల మీద కొట్టాడు. "అమ్మాయ్, నీ వంతు అయిపోయింది."

"నాది అయిందండీ. ఇది మా అత్త వంతు."

పోలీసు వచ్చి దాన్ని బయటికి తీసుకుపోయాడు. తలుపు మూశారు. వెనక అందించేవాళ్లు లేరు. ఇక కూర్చోవచ్చమ్మా అన్నాడు అధ్యక్షుడు, ఎంతో దయగా. ఆ దయకు నాకు మండుకొచ్చింది.

"నా పేరు ఒపల్ టాకెట్. మా ఇంట్లో తెల్లబట్ట తెల్లగా ఉండి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు. నాకింకా టైముంది. నేను కూర్చోను."