ఏముందిలే మాస్టారు ఓడెక్కారు

మా వీధిలో ఎజ్రా మాస్టారెవరంటే తెలియనివాళ్ళు ఉండొచ్చు గానీ, ‘ఏముందిలే మాస్టారు’ అంటే తెలియని మనిషి లేడు. ఈ లోకంలో ఏది చూపించినా ఆయన నోట ఆ ఒక్క మాటే వస్తుంది. కొత్త ఇల్లు కట్టుకున్నాం రండి మాస్టారూ అంటే, గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూసి, "ఏముందిలేండి, నాలుగు గోడలేగా" అంటారు. గోదావరికి వరదొచ్చి రాజమండ్రి అంతా గట్టు మీద నిలబడి నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, "ఏముందిలేండి, నీళ్ళేగా" అన్నారు. పెళ్ళిచూపుల్లో తన భార్య తబితని చూసి కూడా, "ఏముందిలే, చేసేసుకుందాం" అన్నారట. ఆ సంగతి తబితే చెబుతుంది, నవ్వుతూ. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా ఆవిడ అదే నవ్వు నవ్వుతుంది. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

అలాంటి మనిషి నోటి నుంచి ‘చాలా బాగుంది’ అన్న మాట సంపాదించిన ఘనురాలిని మా వీధి మొత్తానికి నేనొక్కదాన్నే. నా చేపల పులుసుతో. ఆదివారం చర్చి నుంచి రాగానే పులుసు దించి, పొగలు కక్కుతుండగానే గిన్నెలో పోసి గోడ మీంచి అందిస్తాను. భోజనం కాగానే మాస్టారు గోడ దగ్గరికొచ్చి, "చాలా బాగుందండీ పాపాయమ్మగారూ" అంటారు. తబిత వంటకి ఊరంతా పేరున్నా, ఆవిడకి ఇంతవరకూ ఆ మాట దక్కలేదు. అందుకని నేను వీధిలో కాస్త తలెత్తుకునే తిరిగేదాన్ని. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

నేను చదివింది ఐదో క్లాసు. మిగతా చదువంతా పక్కింటివాళ్ళని అడిగి నేర్చుకున్నదే. ఎవరింట్లో పోపు మాడినా కారణం కనుక్కోకపోతే నాకు నిద్రపట్టదు. కాబట్టి ఇక్కడ రాసేదంతా కళ్ళారా చూసిందీ, చెవులారా విన్నదీ, అడిగి రాబట్టిందీ.

మాస్టారికి ఒక అక్కగారు. డెబ్బై దాటినా ఆవిడ పేరు బేబీయే. భర్త పోయినప్పటి నుంచీ తమ్ముడింట్లోనే ఉంటోంది. ఆవిడ కూతురు రూబీ కాకినాడ పోర్టులో ఏదో ఆఫీసులో పనిచేస్తుంది. కూతుర్ని చూడటానికి వెళ్ళినప్పుడల్లా బేబీ అక్క సముద్రం ఒడ్డున కూర్చుని, దూరంగా లంగరేసిన ఓడల్ని చూస్తూ, "వాటి లోపల ఎలా ఉంటుందే?" అని అడిగేది. అవి ఎరువుల ఓడలమ్మా, లోపల బస్తాలుంటాయని రూబీ చెప్పినా ఆవిడ ఆశ తగ్గలేదు. చివరికి రూబీ, మనుషులు విహారానికి వెళ్ళే ఓడలోనే టికెట్లు తీసింది. సింగపూర్లో బయల్దేరి, మలేషియా రేవులూ థాయ్‌లాండ్ దీవులూ చుట్టి వచ్చే ఓడ. అమ్మకీ, మావయ్యకీ, అత్తకీ.

ఇక బేబీ అక్క హడావిడి చూడాలి. తలకి రంగు వేయించుకుంది. ఓడలో గాలికి చీర నిలవదని పిన్నీసుల అట్టలు కొంది. పాస్‌పోర్టు దిండు కింద పెట్టుకుని పడుకునేది. అలాంటిది, ప్రయాణం దగ్గరపడ్డాక బాత్రూంలో కాలు జారింది. తుంటి విరిగింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. లేచి వాకర్ పట్టుకుని నడిస్తేనే మళ్ళీ మామూలు మనిషవుతారు, లేదంటే మంచానికే అతుక్కుపోతారని డాక్టరు గట్టిగా చెప్పాడు. బేబీ అక్క లేవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరు ఎంత బతిమాలినా ఒకటే సమాధానం.

"ఎక్కడికి నడవాలి? బాత్రూముకేగా."

మాస్టారు ప్రయాణం మానుకుంటానన్నారు. మీరు వెళ్ళకపోతే నేను మందులు మింగనని ఆవిడ గోడతోనే చెప్పింది. తన బదులు నన్ను పంపమంది. ఆ మధ్య యెరూషలేము యాత్ర కోసం నేను పాస్‌పోర్టు చేయించుకున్నాను. అక్కడ యుద్ధం వచ్చి యాత్ర ఆగిపోయింది, పాస్‌పోర్టు బీరువాలో పట్టుచీరల మధ్య నిద్రపోతోంది. రూబీ టికెట్టులో పేరు మార్పించి, తను సెలవు పెట్టి తల్లి దగ్గరికొచ్చింది. బయల్దేరే ముందు నేను మంచం దగ్గరికి వెళితే, బేబీ అక్క అన్నాళ్ళకి మొహం ఇటు తిప్పింది.

"పాపాయమ్మా, నువ్వయితే ఏదీ వదలవు. అన్నీ చూసి నాకు చెప్పు."

ఇంత బాధ్యత నాకు ఎవరూ ఎప్పుడూ అప్పగించలేదు. నేను వద్దన్నా చెబుతాననుకోండి, అది వేరే సంగతి.

సింగపూర్ రేవులో ఓడని చూసి నాకు మాట పడిపోయింది. మా వీధి మీద ఇంకో వీధిని, దాని మీద మరో వీధిని పేర్చుకుంటూ పోయి, అన్నిటికీ దీపాలు పెట్టి నీళ్ళ మీద వదిలినట్టుంది. చివర ఎక్కడుందో చూద్దామని తలెత్తితే మెడ పట్టేసింది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, "ఏముందిలేండి, పట్టిసీమ లాంచీకి మేడలేస్తే ఇదే" అన్నారు. తబిత నవ్వింది.

లోపల ఇంకా ఉంది. సముద్రం మధ్యలో మళ్ళీ ఈతకొలను. చుట్టూ ఇన్ని నీళ్ళుండగా తొట్టెందుకన్నారు మాస్టారు. రోజూ మాకు వడ్డించేది ఫిలిప్పీన్స్ ఆయన. వచ్చీరాని ఇంగ్లీషులోనే నేను ఆయనకి ఎందరు పిల్లలో, అత్తగారు ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కుని, ఫోనులో ఫోటోలు కూడా చూసేశాను. పాపం ఆయన ప్రతి పూటా ఎలా ఉంది సార్ అని మాస్టారిని అడిగేవాడు. మాస్టారు తెలుగుని యథాతథంగా ఇంగ్లీషులోకి దింపి, "వాట్ ఈజ్ దేర్ ఇన్ దిస్" అనేవారు. ఆయనకి పంతం వచ్చింది. వెన్నలో వేయించిన పీతలు తెచ్చాడు. మా భీమవరం రొయ్యకి మేనమామలా ఉన్న రొయ్యలు తెచ్చాడు. మాస్టారు గుల్లలు కూడా జుర్రి, ప్లేటు అద్దంలా మెరిపించి, మళ్ళీ అదే మాట అన్నారు.

"తినడం ఆగదు, తీసిపారెయ్యడం ఆగదు" అంది తబిత.

ఇంత ఓడలో ఆయన మెచ్చుకున్నది ఒకే ఒక్కటి. ఇడ్లీ. పొద్దుట మన దేశపు టిఫిన్లకని ఒక మూల బల్ల ఉండేది. అక్కడి ఇడ్లీ కింద పడేస్తే బంతిలా ఎగిరొచ్చేలా ఉంది. అందరూ కొరికి వదిలేసి పోతుంటే, వండినాయన బల్ల వెనక తల దించుకుని నిలబడ్డాడు. మాస్టారు పనిగట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళి, చాలా బాగుంది, మా రాజమండ్రిలో కూడా ఇలాంటిది దొరకదు అని చెప్పొచ్చారు. ఆ రెండో మాట మాత్రం నిజమే. ఈయనకి నాలుక చెడిందనుకున్నాను.

ఇదంతా సరదాగానే ఉండేది, సాయంత్రం పూట ఫోను రాకపోతే. రూబీ అక్కడ ఫోనుని గోడకే ఆనించి పెట్టేది, తల్లి మొహం అటే ఉంది కాబట్టి. నేను నాకు అప్పగించిన పని మొదలుపెట్టి, "అక్కా, సముద్రం ఎంత బాగుందనుకున్నావ్" అనేసరికల్లా మాస్టారు ఫోను లాక్కునేవారు.

"ఏముందిలే అక్కా. ఎటు చూసినా నీళ్ళు. పొద్దున నీలం, మధ్యాహ్నానికి పచ్చ, సూర్యుడు దిగేటప్పుడు ఎర్రసిరా బుడ్డి ఒలకబోసినట్టు. ఒక రంగు మీద నిలకడ లేదు. చేపలు కూడా ఊరుకోవు, రెక్కలేసుకుని నీళ్ళ మీద ఎగురుతాయి. కళ్ళకి చిరాకు."

అవతల బేబీ అక్క గొంతు వినిపించేది కాదు. ఆశపడి ఆగిపోయిన మనిషికి ఎవరైనా ఇలా చెబుతారా?

ఒకరోజు ఒక దీవిలో దిగాం. ఇసుక జల్లించిన గోధుమపిండిలా ఉంది. కొబ్బరి చెట్లు మన కోనసీమలోవే గానీ, ఇక్కడ కాయలు దింపే తొందర ఎవరికీ లేదు. నేను కొబ్బరి నీళ్ళు తాగుతూ చూద్దును కదా, మాస్టారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, అలల్లో ఒంటరిగా నిలబడి ఉన్నారు. మొహమంతా నవ్వు. నోరు తెరుచుకునే ఉంది. నేను వెనకగా వెళ్ళి, "బాగుంది కదండీ" అన్నాను. టక్కున నోరు మూసి, ప్యాంటు దించేసుకుని, "ఏముందిలేండి, ఉప్పునీళ్ళు" అన్నారు. దించుకున్న ప్యాంటు అప్పుడు నిండా తడిసింది.

ఆ తరవాత మలేషియాలో పినాంగు. ఊరంటే అదీ. ఒకే వీధిలో చర్చి, కొంచెం ముందుకెళితే చైనావాళ్ళ గుడి, ఆ పక్కన మన అమ్మవారి గుడి, ఆపైన మసీదు. వాళ్ళలో వాళ్ళకి దెబ్బలాటలు రావా అని పూలమ్మే తమిళావిడని అడిగాను. వస్తాయి, స్కూటర్లు ఎక్కడ పెట్టుకోవాలన్న దగ్గర అంది. మాస్టారు ఆ వీధి పొడుగునా అటూ ఇటూ తిరిగి తిరిగి, తబిత పిలిస్తే గానీ కదల్లేదు. ఆ సాయంత్రం ఫోనులో చూడండి.

"ఏముందిలే అక్కా. ఒకచోట మన చర్చి గంట, ఒకచోట నమాజు పిలుపు, ఒకచోట నాదస్వరం. అగరొత్తుల పొగ, మల్లెపూలు, వేయించిన వెల్లుల్లి, ఏ వాసన ఎటు నుంచి వస్తుందో తెలిసిచావదు. చైనా మామ్మగారొకావిడ పిలిచి జాజికాయ శరబత్తు ఇచ్చింది. పులుపూ కాదు, తీపీ కాదు, గొంతులో చల్లగా దిగి ఘాటుగా పైకొస్తుంది. ఏముందిలే. ఊరికే కాళ్ళనొప్పులు. ఓడలో ఇడ్లీ మాత్రం చాలా బాగుందక్కా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను పెట్టేయగానే, ఆవిడకి ఒక్క మంచి మాట చెబితే మీ సొమ్మేం పోయింది మాస్టారూ అని దులిపేశాను. మీ మాటలకి ఆవిడ ఇక లేవనే లేవదన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నారు. మిగిలిన ప్రయాణమంతా నేను ఆయనతో మాట్లాడలేదు. తబిత మాత్రం నన్ను చూసి అదే నవ్వు.

తిరిగొచ్చి ఇంటి ముందు కారు దిగుతుంటే నాకు ఒకటే ఆలోచన. ఆవిడ ఎలా ఉందో, గోడ తప్ప ఏమైనా చూస్తోందో లేదో. ఇంతలో గేటు గడియ చప్పుడైంది. తీసింది బేబీ అక్కే. వాకర్ పట్టుకుని నిలబడి ఉంది. జుట్టుకి మళ్ళీ రంగు.

మాస్టారు సామాన్లు లోపలికి చేరుస్తుంటే, నేను ఆవిడ పక్కన కూర్చుని రహస్యంగా చెప్పాను, తమ్ముడి మాటలు పట్టించుకోకు అక్కా, అక్కడ నిజంగా చాలా బాగుందని. బేబీ అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నాకు తెలీదా? చిన్నప్పుడు మా ఇద్దర్లో ఒక్కళ్ళనే బోర్డింగు స్కూలుకి పంపగలిగాడు మా నాన్న. వాడు వెళ్ళాడు, నేను ఊడ్పులకి వెళ్ళాను. సెలవులకొస్తే రైలు ఎలా ఉందిరా అని అడిగేదాన్ని. ‘ఏముందిలే అక్కా, పెట్టె వెనక పెట్టె, కిటికీలోంచి ఊళ్ళన్నీ వెనక్కి పరిగెడతాయి’ అనేవాడు. నేను పోగొట్టుకున్నది ఏమీ లేదని నాకు అనిపించాలి. అదీ వాడి తాపత్రయం. ఆ హాస్టల్లో చారు మాత్రం చాలా బాగుందనేవాడు. ఓసారి మా నాన్న వెళ్ళి తాగొచ్చి, కుడితి నయమన్నాడు."

"అంటే?"

"అంటే ఏముందే, వాడు ఏముందిలే అన్నాడంటే అది అదిరిపోయిందన్నమాట. చాలా బాగుంది అన్నాడంటే, పాపం అది అస్సలు బాలేదని వాడికి జాలేసిందన్నమాట. పినాంగు గురించి అంతసేపు ఏముందిలే, ఏముందిలే అంటుంటే నేనింక పడుకోలేకపోయాను. ఆ వాకర్ ఇలా తేవే రూబీ అన్నాను. నా పాస్‌పోర్టుకి ఇంకా బోలెడు గడువుంది."

ఈ సంగతి తమ్ముడికి చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది. తెలిస్తే బాగున్నదాన్ని బాగుందని ఊరుకుంటాడట. అప్పుడు ఇన్ని రంగులూ ఇన్ని వాసనలూ తనకెవరు చెబుతారంది. నేను చెబుతాగా అన్నాను. ఆవిడ మాట మార్చేసింది. మాస్టారికి నేను ఇప్పటికీ చెప్పలేదు. ఆయన ఇది చదివినా ఏముందిలే అంటారని నా ధైర్యం.

తేలిక పడిన మనసుతో ఇంటికి బయల్దేరాను. మా గేటు మీద చెయ్యి వేశాక కాలు ఆగిపోయింది. వెనక్కి తిరిగి వచ్చాను.

"అక్కా, మరి నా చేపల పులుసు?"

బేబీ అక్క కొంగు మళ్ళీ నోటి దగ్గరికి వెళ్ళింది. చాలాసేపటికి గానీ దిగలేదు.

"చింతపండు సగానికి సగం తగ్గించు పాపాయమ్మా. పొయ్యి మీంచి దించగానే పట్టుకొచ్చెయ్యకు. ఒక పూట ఊరనివ్వు."

ఆ ఆదివారం పులుసు శనివారమే పెట్టాను. చింతపండు పిసుకుతుంటే చెయ్యి ఊరుకోదు, అయినా సగం దగ్గర ఆపాను. మర్నాడు చర్చి నుంచి వచ్చి గిన్నె గోడ మీంచి అందించి, మొక్కలకి నీళ్ళు పోస్తున్నట్టు అక్కడక్కడే తచ్చాడాను. ఎంతసేపటికీ ఆయన రారే. చివరికి మాస్టారు చెయ్యి కడుక్కుంటూ వచ్చారు. గిన్నె తిరిగిచ్చారు. అందులో ముల్లు కూడా లేదు.

"ఏముందిలేండి పాపాయమ్మగారూ, చేపలూ పులుసేగా" అన్నారు.

ఆయన వెనక గుమ్మంలో తబిత నిలబడి నవ్వుతోంది. గోడకి ఇవతల నేనూ అదే నవ్వు నవ్వాను.