ఉప్పుగూడ తాలీంలో మంగోలియా పహిల్వాన్

మన దేశంలో జరగబోయే పెద్ద కుస్తీ పోటీలకు ముందు, ఇక్కడి ఎండకు అలవాటు పడాలని ఒక మంగోలియా జట్టు పదిహేను రోజుల సాధనకు చోటు వెతుకుతోంది. వరంగల్‌లో నాదొక చిన్న ట్రావెల్ ఆఫీసు. ఢిల్లీ వైపు మొగ్గుతున్న వాళ్ల కోచ్‌ను, ముందు హైదరాబాద్ పాతబస్తీ చూడండని బతిమాలి రప్పించాను. వెంట ఒక పహిల్వాన్‌ను కూడా తెచ్చుకున్నారాయన. ఆయన కాదంటే నా పరువు సంగతి అలా ఉంచండి, అక్కడి ఉప్పుగూడ తాలీం వాళ్లకు బయటి దేశం వాళ్లతో కుస్తీ పట్టే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు.

పొద్దున్నే కాచిగూడలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కాం. పది రూపాయల టికెట్, పావుగంట ప్రయాణం. ఉప్పుగూడ స్టేషన్ బయట ఆటోడ్రైవర్ నలభై అడిగి, నా వెనక నిలబడ్డ ఇద్దరినీ చూసి కళ్లు పెద్దవి చేశాడు. "అన్నా, గీళ్లిద్దరు ఎక్కితే నా ఆటో నడుస్తదా ఏంది?" చివరికి నేను అతని పక్కన సగం సీటు మీద వేలాడుతూ వెళ్లాను.

తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు. రేకుల కప్పు, కింద నూనె, పసుపు కలిపి గుల్ల చేసిన ఎర్రమట్టి. గురువు గౌస్ వస్తాదు నాష్తా పెట్టబోతే కోచ్ వద్దన్నారు, సాధనకు ముందు ఏమీ ముట్టరట. సరేనని పహిల్వాన్లు బరిలోకి దిగారు. ఇక్కడ అందరిలోకీ గట్టివాడు సాయిలు. అలాంటివాడు మంగోలియా పహిల్వాన్ మొదటి పట్టుకే వెల్లకిలా పడ్డాడు. తర్వాత దిగిన ఇద్దరిదీ అదే గతి. కోచ్ మొహం మాడిపోయింది. "మావాడిని కదిలించేవాడే లేడు. ఇక్కడ పదిహేను రోజులు ఏం చేయాలి?" అని నాతో ఇంగ్లిష్‌లో మెల్లగా అన్నారు.

సాయిలును పక్కకు లాగి, "ఏమైందిర నీకు?" అని కసిరాను. వాడు తాపీగా ఒంటి మీది మట్టి దులుపుకున్నాడు.

"మన ఉప్పు తినకముందే మెహమాన్ వీపు మట్టికి తాకిస్తమా అన్నా? వస్తాద్ తోలు తీస్తడు!"

వస్తాదును అడిగితే ఆయన నన్నే వింతగా చూశారు. "ఇంటికొచ్చినోన్ని ఎట్ల పడగొడ్తం భాయ్? రెండు ముద్దలు తినమను, గప్పుడు మన ఇంటి పోరడైతడు. ఇగ రహం గిహం, జాలి గీలి ఏముండది."

ఆ మాట చెప్పగానే కోచ్ పకపకా నవ్వి, తన నియమం పక్కనపెట్టి, పహిల్వాన్‌తో సహా ఖిచిడీ, ఖీమా ముందు కూర్చున్నారు. రెండు ముద్దలే తిన్నారు. కాసేపటికి మళ్లీ బరిలో దిగితే, అప్పుడు చూడాలి సాయిలును! మంగోలియా పహిల్వాన్ గాల్లోకి లేచి దబ్బున పడ్డాడు. లేచాడు, మళ్లీ పడ్డాడు. తనవాడు పడ్డప్పుడల్లా కోచ్ చప్పట్లు కొడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. "జట్టంతా వస్తుంది" అన్నారాయన.

తిరుగు రైల్లో హాయిగా నిద్రపోయాను. విదేశీ జట్లను రప్పించాలంటే పెద్ద స్టేడియాలు, ఏసీ గదులు చూపించాలని ఇన్నాళ్లూ హైరానా పడ్డాను. మొహమాటపడకుండా పడగొట్టేవాడు దొరికితే చాలని వాళ్లు అనుకుంటారని నాకు తట్టనేలేదు. మీరూ ఏదైనా జట్టును తెచ్చేటట్టయితే పొద్దున ఎనిమిదిలోపే తాలీంకు చేరుకోండి, ఆ తర్వాత ఎవరి పనులకు వాళ్లు వెళ్లిపోతారు. కలిసి తినకముందు గెలిచిన కుస్తీలను మాత్రం లెక్కలో వేసుకోకండి.