రాంబిల్లి ఎర్రచుక్క

తను చేసే ఉద్యోగమేమిటో అర్థమయ్యేలా చెప్పడం తబితాకి ఎప్పుడూ చేతకాలేదు. ఆమె అత్తగారు లూర్దు మేరీ మాత్రం వీధిలో ఎవరడిగినా ఒక్క ముక్కలో తేల్చేసేది: “మా కోడలు బేంకులో దీపాలు కాత్తాది.”

అందులో పెద్దగా అబద్ధం లేదు. అనకాపల్లిలో ఒక సహకార బ్యాంకులో తబితా తొమ్మిదేళ్ళు టెలిఫోను బోర్డు దగ్గర పనిచేసింది. 2006లో బ్యాంకు తన ఆరు బ్రాంచీల్నీ కంప్యూటర్లతో కలిపేసరికి ఆ పాత బోర్డు మూలపడింది. బోర్డుతో పాటు మనిషిని కూడా అటకెక్కించలేక, జనరల్ మేనేజరు త్రినాధరావు ఆమెను మేడమీది అద్దాల గదిలో కూర్చోబెట్టాడు. ఆ గదిలో నల్లటి పెట్టెలు నాలుగు రాత్రింబవళ్ళు గుయ్యిమంటూ ఉండేవి. వాటికి వేడి తగలకూడదని ఏసీ ఆపేవారు కాదు. రోహిణీ కార్తెలో కూడా తబితా స్వెట్టరు వేసుకునే పనిచేసేది. ఓసారి విప్పడం మరిచి అలాగే కిందికి దిగితే, టీకొట్టతను “జొరమాండి?” అని జాలిపడి అల్లం ఎక్కువేసి ఇచ్చాడు.

ఆమె ముందున్న తెరమీద ఆరు చుక్కలుండేవి, బ్రాంచికొకటి. కంప్యూటరు నిమిషానికోసారి ఒక్కో బ్రాంచినీ ‘ఉన్నావా?’ అని పలకరిస్తుంది. ‘ఉన్నాను’ అని జవాబొస్తే ఆ చుక్క పచ్చగా ఉంటుంది. రాకపోతే ఎర్రబడుతుంది. ఎర్రబడగానే తబితా ఆ బ్రాంచికి ఫోను చేసి, కరెంటుందా, పెట్టె మీద లైటు వెలుగుతోందా, ఎవరైనా వైరు తన్నారా అని అడిగి, జబ్బు ఎక్కడుందో పట్టాలి. తొమ్మిదేళ్ళు జనం గొంతులు విన్న మనిషి కాబట్టి, “మేమేటీ ముట్టుకోలేదండి” అన్న మాట వినగానే ఎవరు ఏది ముట్టుకున్నారో ఆమెకి తెలిసిపోయేది.

చుక్కలన్నీ పచ్చగా ఉన్నన్నాళ్ళూ తబితా ఊరికే కూర్చుంటోందని అందరూ అనుకునేవారు. ఒకటి ఎర్రబడితే ఆమే ఏదో చేసిందనుకునేవారు.

2007 జనవరి నుంచి రాంబిల్లి చుక్క పేచీ మొదలుపెట్టింది. ఎలమంచిలి దాకా టెలిఫోను లైను ఉంది. అక్కణ్ణుంచి రాంబిల్లికి గాలిలోనే. రెండు ఊళ్ళలోనూ డాబామీద ఇనప పోలు, పోలుకి గిన్నెలాంటి డిష్షు, అవి రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ ఉండాలి. రోజూ పొద్దున్న బాగానే చూసుకునేవి. పదీ పదకొండు గంటల మధ్య రాంబిల్లి ఎర్రబడేది. సాయంత్రం నాలుగు దాటాక ఎవరూ ఏమీ చేయకుండానే మళ్ళీ పచ్చబడేది. ఈలోగా రాంబిల్లిలో జనం పాసుబుక్కులు పట్టుకుని వరసలో నిలబడి కంప్యూటరు కనిపెట్టినవాణ్ణి తిట్టేవారు.

ఆ సామాను బిగించిన కంపెనీ తరఫున విశాఖపట్నం నుంచి మోహిత్ అనే ఇంజనీరు వచ్చేవాడు. మంచివాడే కానీ, బయల్దేరి, దారిలో భోంచేసి, రాంబిల్లి చేరేసరికి అయిదయ్యేది. అప్పటికి చుక్క పచ్చగా నవ్వుతూ ఉండేది, డాబా ఎక్కే పనే పడేది కాదు.

“వానకి సిగ్నల్ పోతూ ఉంటుంది మేడమ్,” అన్నాడు ఫోనులో.

తబితా తన పుస్తకం తిరగేసింది. ఎర్రబడినప్పుడల్లా తేదీ, టైము, ఆ వేళ వాతావరణం రాసుకోవడం ఆమె అలవాటు.

“వాన పడ్డ రోజు లైను చక్కగా ఉంటందండి. ఎండ కాసిన రోజే పోతంది.”

“అలా జరగదు మేడమ్,” అన్నాడు మోహిత్.

ఏప్రిల్ మధ్యలో మోహిత్ పట్టుదలగా వచ్చి రెండు రోజులూ కింద బ్యాంకులోనే కూర్చుని, పాత పెట్టె తీసి కొత్తది పెట్టాడు. మర్నాటి నుంచి రాంబిల్లి చుక్క పచ్చగా నిలిచింది. వారం గడిచింది, నెల గడిచింది, ఒక్కసారి కూడా ఎర్రబడలేదు. త్రినాధరావు పరమానందపడి స్టాఫు మీటింగులో మోహిత్‌కి శాలువా కప్పి, ఒక బెల్లం దిమ్మ చేతిలో పెట్టాడు. తబితా కూడా చప్పట్లు కొట్టింది. కొడుతూనే, మందేమిటో తెలియకుండా తగ్గిన జబ్బుని నమ్మకూడదని అనుకుంది.

జూన్ రెండో తారీఖున, శనివారం పదకొండింటికి, రాంబిల్లి చుక్క ఎర్రబడింది.

మర్నాడు ఆదివారం. తబితా చర్చి నుంచి వచ్చేసరికి వీధి మొగదాకా చేపల పులుసు వాసన. లూర్దు మేరీ స్వయంగా వడ్డించింది.

“తిను, తిను. నెలన్నర పప్పూ చారూ తిని నోరు సచ్చిపోయింది. ఏటకెల్లొద్దని గవర్నమెంటోలు బోట్లు ఆపేసేరు గదా. మొన్నే ఒగ్గేరు. మార్కెట్టునిండా సేపలే.”

తబితా చెయ్యి కంచంలో ఆగిపోయింది.

“ఎప్పుడు ఆపేరత్తమ్మా?”

“ఏటా ఆపేదే గదే. ఏప్రిల్ పదేను నించి మే ఆకరు దాకా. నీకు చుక్కలు తప్ప లోకం ఎక్కడ తెలుత్తాది?”

సోమవారం తబితా పుస్తకం తెరిచి రెండుసార్లు చూసుకుంది. ఏప్రిల్ పధ్నాలుగున చివరి ఎరుపు. జూన్ రెండున మళ్ళీ మొదటి ఎరుపు. పుస్తకం పట్టుకుని నేరుగా త్రినాధరావు గదిలోకి వెళ్ళింది.

“సార్, మన రాంబిల్లి లైను వేట నిషేధం పాటించిందండి.”

త్రినాధరావు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. “ఏటమ్మా? మన లైను సముద్రంలోకి వేటకి గానీ వెళ్తందా?”

“అది నాకూ తెలీదండి. ఓసారి వెళ్ళి చూసొస్తాను.”

“ఇంజనీర్లకి దొరకనిది నీకు దొరుకుతుందా? వెళ్తే వెళ్ళుగానీ, సెలవు పెట్టి వెళ్ళు.”

పెట్టింది. అయితే ఒక్కటి అడిగింది: పదకొండు నుంచి సారు స్వయంగా అద్దాల గదిలో చుక్కల ముందు కూర్చోవాలి. నవ్వుకుంటూనే ఆయన సరేనన్నాడు.

మంగళవారం ఎండ పేలిపోతోంది. అచ్యుతాపురం మీదుగా బస్సులో వెళ్ళి తబితా రాంబిల్లి బ్రాంచి ముందు దిగేసరికి పదకొండూ పది. బ్యాంకు కింద వాటాలో ఉంది. పైన ఇంటావిడ దేముడమ్మ ఉంటుంది. తీరంలో చేపలు కొని, ఎండబెట్టి, సంతల్లో అమ్మడం ఆవిడ వ్యాపారం. తబితా పక్కమెట్లెక్కి డాబామీదికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఈ చివర పిట్టగోడ నుంచి ఆ చివరి దాకా నాలుగు తాళ్ళు కట్టి ఉన్నాయి. తాళ్ళనిండా బెల్టుల్లా పొడుగాటి చేపలు, వందలకొద్దీ, తడితడిగా, నీళ్ళు కారుతూ, ఎండకి వెండిలా మెరుస్తూ వేలాడుతున్నాయి. నాలుగు తాళ్ళ కొసలూ ఒక్క చోటే ముడిపడ్డాయి. బ్యాంకువారి ఇనప పోలుకి. ఆ బరువుకి పోలు మర్యాదగా నడుం వంచింది. పోలుమీది డిష్షు ఎలమంచిలి కేసి చూడవలసింది పోయి, కింద వీధిలో సోడా బండి కేసి చూస్తోంది.

“ఎవులమ్మా? సేపలు కావాలా?” అంటూ వచ్చింది దేముడమ్మ.

“అనకాపల్లి బ్యాంకు నుంచి వచ్చేను. ఈ తాళ్ళు ఎప్పుడు కడతారమ్మా?”

“బోట్లొచ్చేక, పదింటికి. నాలుగయ్యేసరికి నీరంతా దిగి తేలికయిపోతాయి. మబ్బేత్తే ఆ రోజు కట్టను. ఏటి, తప్పా? నేలమీద ఏత్తే కుక్కలు ఒగ్గుతాయా?”

తబితాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాన రోజున లైను బాగుండేది ఇందుకు. మోహిత్ వచ్చే వేళకి పోలు నిటారుగా లేచి నిలబడేది ఇందుకు. సెల్లు తీసి త్రినాధరావుకి చేసింది.

“సార్, రాంబిల్లి ఇప్పుడేం రంగు?”

“ఎరుపమ్మా. నీ పనంటే ఏటో అనుకున్నాను గానీ, కళ్ళు లాగేత్తన్నాయి.”

“లైన్లో ఉండండి. దేముడమ్మగారూ, ఈ ముళ్ళు ఒక్కసారి విప్పుతారా? చేపలు కిందపడకుండా నేను పట్టుకుంటాను.”

దేముడమ్మ అనుమానంగా చూస్తూనే విప్పింది. నాలుగు తాళ్ళ బరువూ తబితా చేతులమీద పడింది. చీర నిండా ఉప్పునీళ్ళు. పోలు నెమ్మదిగా లేచింది. చెవికీ భుజానికీ మధ్య ఇరికించిన సెల్లు జారకుండా తబితా మెడ వంచి నిలబడింది. ఒక నిమిషం గడిచింది.

“పచ్చ!” అని త్రినాధరావు అరిచిన అరుపు దేముడమ్మకి కూడా వినబడింది. “పచ్చయిపోయిందమ్మా!”

“ఏటి పచ్చ?” అంది దేముడమ్మ.

తబితా విషయం చెప్పింది. దేముడమ్మ నోరు తెరిచి పోలునీ, చేపల్నీ మార్చి మార్చి చూసింది. “అంటే, నేను కింద బేంకుకెల్లినప్పుడల్లా కంప్యూటరు పన్చెయ్యదమ్మా రేపు రా అని పంపేసేది… నా సేపల వల్లా?”

“మీ చేపల వల్లే.”

“నిన్న గూడా ఆ కేషియరుని కడిగీసేను గదమ్మా!” అని బుగ్గలు నొక్కుకుంది. తర్వాత ఆవిడకి ఇంకో ఆలోచన వచ్చింది. “ఏదీ, మళ్ళీ కడతాను, సూడు.”

కట్టింది. “ఎరుపు!” అన్నాడు త్రినాధరావు. విప్పింది. “పచ్చ!” తన చేపలకి ఇంత బలముందని అరవయ్యేళ్ళలో ఎప్పుడూ తెలియని దేముడమ్మ మూడోసారి కూడా కట్టబోతుంటే, “ఇంక ఆపమనమ్మా, కింద జనం ఉన్నారు!” అని ఆయన గోల పెట్టాడు.

ఆ వారంలోనే బ్యాంకు ఖర్చుతో డాబాకి రెండో పక్క చేపల కోసమే రెండు ఇనప గొట్టాలు పాతారు. తాళ్ళు వాటికి మారాయి. మోహిత్ వచ్చి పోలుని గట్టిగా బిగించి, తిన్నగా అనకాపల్లి వచ్చి తబితా పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాడు.

“ఎండ అని మీరు రాస్తే నేను నమ్మలేదు మేడమ్,” అన్నాడు.

“నేనూ నమ్మలేదండి. అయినా రాసేను,” అంది తబితా.

సెలవు పెట్టిన రోజుని త్రినాధరావు డ్యూటీగా మార్చాడు. అంతకన్నా ముఖ్యంగా, మూడు నెలలకోసారి ఆరు బ్రాంచీల డాబాలూ తబితా ఎక్కి చూసి రావాలని ఆర్డరు వేశాడు. ఎలమంచిలిలో డిష్షు వెనక కాకి గూడు దొరికింది. పిల్లలు ఎగిరేదాకా దాన్ని ముట్టుకోవద్దని రాసి వచ్చింది. ఇంకో బ్రాంచిలో కాకర తీగ పోలంతా అల్లుకుని, డిష్షు దాకా పాకి, నాలుగు కాయలు కాసి ఉంది. కాయలు కోసి మేనేజరు చేతిలో పెట్టి, తీగ పీకించింది.

నక్కపల్లి బ్రాంచి మేనేజరు మాత్రం మహా తెలివైనవాడు. అనకాపల్లిలో తబితా బస్సెక్కిందని కబురందగానే మేడమీదికి పరుగెత్తి, పోలుకి కట్టిన తాడుమీంచి తన లుంగీలూ, బనీన్లూ గబగబా తీసేసేవాడు. ఆవిడ వచ్చేసరికి డాబా అద్దంలా ఉండేది. తబితా ఏమీ అనేది కాదు. పుస్తకంలో తేదీ, టైము వేసి, నక్కపల్లి చుక్క ఎర్రబడేది ఏ వారమో వెనక పేజీల్లో చూసుకుని, పక్కన ‘ఉతికిన రోజు: గురువారం’ అని రాసుకుని కిందికి దిగేది.