జూడో మాస్టారి ‘మతె’

టైలరమ్మ కూతురు జూడో మాస్టారి కూతుర్ని కావాలనే చంపిందని వీధి వీధంతా చెవులు కొరుక్కుంటోంది. ఆయన ఆపమన్నాక కూడా ఎత్తి పడేసిందట. అది అబద్ధం. జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలి.

మాస్టారు పగలు కొరియర్ ఆఫీసులో మూటలు మోసేవాడు. సాయంత్రం గోదాము మేడమీద చాపలు పరిచి పిల్లలకు జూడో నేర్పేవాడు. భార్య పోయింది, ఉన్నది ఒక్కతే కూతురు. జపాను మాటల్నీ వాటి అర్థాల్నీ గోడమీద తన చేత్తోనే రాశాడు. రేయి అంటే వంగి దండం పెట్టడం. హజిమె అంటే మొదలుపెట్టు. మతె అంటే ఆగు. మతె అని వినపడితే ఎవరి చెయ్యి ఎక్కడుంటే అక్కడే ఆగిపోవాలి.

పిల్లల మందపాటి జూడో చొక్కాలు కుట్టేది టైలరమ్మే. “ఓసోతొ గారి అంటే ఎదుటిమనిషి కాలిని కొడవలితో కోసినట్టు లాగెయ్యడం అమ్మా” అని కూతురు చూపించబోతే, “మనిషిని పడెయ్యడానికి క్లాసులెందుకే, మీ నాన్న స్కూటరెక్కితే చాలదూ” అని నవ్వేది.

నల్లబెల్టు పరీక్షలో మాస్టారి కూతురూ టైలరమ్మ కూతురూ ఎదురుబొదురుగా నిలబడ్డారు. మార్కులు వేసేవాళ్ళు బయటినుంచి వచ్చారు. పోటీ నడిపింది మాత్రం మాస్టారే. రెండోసారి పడిన ఆయన కూతురు ఇక లేవలేదు. నాలుగోరోజు ఆసుపత్రిలో పోయింది.

అప్పట్నుంచి టైలరమ్మ కూతురు ముద్ద ముట్టదు, గది దాటదు. “ఆయన మతె అన్నాడేమో, నాకే వినపళ్ళేదేమో అమ్మా.” ఎప్పుడడిగినా ఇదొక్కటే మాట. నెల తిరిగినా మాస్టారు నోరు విప్పలేదు.

చివరికి టైలరమ్మ మేడ మెట్లెక్కింది. ఆయన ఒక్కడే చాపలు చుట్టి తాడు కడుతున్నాడు.

“అన్నయ్యా, నీ కడుపుకోత నాకు తెలీక కాదు. కానీ తనకే వినపళ్ళేదేమోనని నా పిల్ల కళ్ళముందే ఎండిపోతోంది. మతె అన్నావా, లేదా?”

ఆయన తాడు వదిలేసి చాపమీద కూలబడ్డాడు.

“అనలేదమ్మా. మొదటిసారి పడ్డప్పుడే దాని తల నేలకు కొట్టుకుంది. లేచాక కాళ్ళు తడబడ్డాయి. చూశాను. ఇంకెవరి పిల్లయినా అయితే అప్పుడే ఆపేసేవాణ్ణి. ఆపితే పరీక్ష పోతుంది. మూడేళ్ళుగా ఆ బెల్టు కోసమే కాచుక్కూర్చుంది... పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. నేనంటే కదా, నీ పిల్లకి వినపడ్డానికి.”