ఏటి అవతల ముక్కాలిపీట

ఆ ఆగస్టు అంతా ఎల్మీర్ థెరియో చొక్కా తిరగేసి తొడుక్కుంది. అదీ తన చొక్కా కాదు. పోయిన మొగుడు ఊలిస్ రాత్రిపూట వేసుకునే పట్టుచొక్కా. కుట్లు ఒంటికి తగలకుండా పైకి ఉండాలి. ఎడమ రొమ్ము కింద మొదలై చంక కిందుగా వీపు మధ్య దాకా జానెడు వెడల్పున ఒక పట్టీ ఉంది. అక్కడ దారప్పోగు తగిలినా ఆవిడకి ప్రాణం విలవిల్లాడేది. చూస్తే అక్కడ ఏమీ కనిపించదు. సర్పి పొక్కులు ఈస్టరు నాటికే ఎండి రాలిపోయాయి, గోధుమరంగు మచ్చలు మాత్రం మిగిలాయి. రోగం వెళ్ళిపోయింది, మంట మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యని అద్దెమనిషిలా అక్కడే ఉండిపోయింది.

ఇంతకీ ఎల్మీర్ ఎవరంటే, మా ఊరి బడి వంటశాలలో ముప్ఫై ఏళ్ళు ఎర్ర బీన్సు, అన్నం వండిపెట్టిన మనిషి. ఇప్పుడు యాభై దాటినవాళ్ళు కూడా ఆవిడ ఎదురైతే పళ్ళెం ఖాళీ చేశారో లేదో అన్నట్టు తల దించుకుంటారు. ముక్కు మీద కోపం. అయితే బడి పని పగటి ఉద్యోగమే. అసలు పని ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర జరిగేది. ఎల్మీర్ చెయ్యి వేసే మనిషి.

మా లూసియానాలో, బయూలనే ఈ నిదానపు ఏర్ల గట్ల మీద, చెయ్యి వేసేవాళ్ళు పూర్వం నుంచీ ఉన్నారు. ఒకరు పులిపిరికి వేస్తారు, ఒకరు వడదెబ్బకి. ఎల్మీర్‌ది సర్పి. తాత దగ్గర నేర్చుకున్న ప్రార్థన ఒకటి లోపల లోపల గొణుక్కుంటూ, పొక్కుల మీద అరచెయ్యి తాకీ తాకనట్టు తిప్పేది. దీనికి కట్టుబాట్లున్నాయి. రోగి తన నోటితో తనే అడగాలి. అడక్కుండా చెయ్యి వెయ్యకూడదు, వేస్తాను రమ్మనీ అనకూడదు. పారే నీళ్ళు దాటి వెళ్ళి వెయ్యకూడదు, రోగే దాటి రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, అయ్యాక థాంక్స్ చెప్పకూడదు. చెప్పారా, చేసిందంతా ఏట్లో కలిసినట్టే.

రొయ్యల పడవ నడిపే డుప్రే ఒకసారి అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. ఎల్మీర్ చేతిలో ఉన్న గరిటె వాడి చెవి పక్కనుంచి పోయి తలుపుకి కొట్టుకుంది. "నోరు ముయ్యి! టోపీ పెట్టుకుని పో!" అంది. పదిహేను రోజుల తరవాత మెట్ల మీద అంజూరపళ్ళ మురబ్బా సీసా ఒకటి కనిపించింది. ఎవరు పెట్టారని ఆవిడ అడగలేదు, వాడూ చెప్పలేదు.

అలా నలభై ఒక్క ఏళ్ళు. ఆ నలభై ఒక్క ఏళ్ళలో ఆవిడకి ఒక్కరూ థాంక్స్ చెప్పలేదు. వద్దని గరిటెలు విసిరింది ఆవిడే. అయినా మనిషి మనిషే కదా.

పదకొండేళ్ళ కిందట గుండె ఆపరేషన్ అన్నారు. బతుకుతానని ఆవిడకి నమ్మకం లేదు. ప్రార్థన తనతోపాటు గోతిలోకి పోకూడదు. ఆడమనిషి మగవాడికే ఇవ్వాలి, ఇచ్చాక ఆ శక్తి తనకిక ఉండదు. ఏడేళ్ళు చిన్నవాడు, పీతల బుట్టలు అల్లే తమ్ముడు క్లేబేర్‌ని ఆస్పత్రికి పిలిపించి, మంచం పక్కన వంగమని, ఆయాసపడుతూ వాడి చెవిలో చెప్పింది. వాడు విన్నాడు. లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

ప్రార్థన పుచ్చుకున్నవాడు కూడా థాంక్స్ చెప్పకూడదు. నిజమే, ఎల్మీర్‌కి తెలియదా! కానీ 'అక్కా, నువ్వు బతకాలి' అనొచ్చు కదా? అది అనకూడదని ఏ కట్టుబాటులోనూ లేదే!

తీరా ఆవిడ చావలేదు. ఇంటికొచ్చి కూర్చుంటే తన గుమ్మం ఎక్కాల్సిన వాళ్ళంతా వంతెన దాటి క్లేబేర్ గుమ్మం ఎక్కుతున్నారు. ఆ చలికాలం బంధువులంతా చేరి పందిని కోసుకుని వండుకునే రోజున, రెండు బీర్లు తాగిన హుషారులో వాడు, "నా చేతికి నీ చేతికన్నా వేడెక్కువ, మంట తొందరగా లాగేస్తుందంటున్నారు తెలుసా!" అన్నాడు. ఎల్మీర్ పళ్ళెం కింద పెట్టి ఇంటికి నడిచింది. అప్పట్నుంచీ ఎడమొహం పెడమొహం. ఏటికి ఈ గట్టున అక్క, ఆ గట్టున తమ్ముడు. ఆ ఏరు కూడా ఎంతని! పారుతోందో నిద్రపోతోందో చూసి చెప్పలేం. ఇటు తుమ్మితే అటు వినిపిస్తుంది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో, మార్డీ గ్రా పండగ వారంలో, వీపు మీద చురుక్కుమంది. తోటలో ఎర్రచీమలు కుట్టాయనుకుంది. వెనిగర్ రాసింది. వందలమంది ఒంటి మీద సర్పిని పోల్చిన కళ్ళు తన ఒంటి మీద ఎనిమిది రోజులు పోల్చలేదు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది. మూడు రోజుల్లోపల వచ్చుంటే మాత్రలు బాగా పనిచేసేవి అని డాక్టరమ్మ అంది. "పొక్కులు పోతాయి. నరం మాత్రం చాలా నెలలు మర్చిపోదు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది," అని కూడా చెప్పింది.

మర్చిపోని నరం గురించి ఎల్మీర్‌కి ఒకరు చెప్పాలా!

నరాల మంటకి ఇచ్చిన మాత్రలు మంటని చంపలేదు గానీ మధ్యాహ్నాలని మెత్తగా చేసేశాయి. వెనక వసారాలో, ఫ్యాను ఆపేసి, కుడివైపుకి ఒరిగి కూర్చునేది. ఎదురుగా ఏరు. సైప్రస్ చెట్లకి వేలాడే బూడిదరంగు నాచు నీళ్ళని తాకుతూ ఉండేది. కాసేపటికి ఏది నాచో, ఏది అమ్మ ఆరేసుకున్న జుట్టో తెలిసేది కాదు. నాన్న బల్లకట్టు పడవలో చప్పుడు లేకుండా వచ్చేవాడు. ముందు పక్క ఐదేళ్ళ క్లేబేర్ కూర్చుని, నీళ్ళలో చెయ్యి పెట్టి గీత గీస్తూ ఉండేవాడు. ఆ గీత ఆవిడ పక్కటెముకల మీదే గీసినట్టు చల్లగా ఉండేది. పడవ ఆగకుండా పోయేది. గీత చెరిగిపోగానే మంట మళ్ళీ వచ్చేది.

అలాంటి ఒక మధ్యాహ్నం, పదకొండేళ్ళుగా పంతం కొద్దీ చూపు ఆనించని ఆవలి గట్టున, క్లేబేర్ వరండాలో, ముక్కాలిపీట కనిపించింది.

ఆ పీట ఆవిడకి తెలుసు, తాత చేసింది. సర్పి వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టకూడదు, వీపు ఆనితే చచ్చిపోతారు, ముక్కాలిపీట వెయ్యి అని ఆస్పత్రిలో తమ్ముడికి ప్రార్థనతోపాటు చెప్పింది. పీటనీ వాడే పట్టుకుపోయాడు. పని లేనప్పుడు అది ఇంట్లో మూల ఉండాలి. వరండాలో ఎందుకుంది? మాత్ర మహిమ అనుకుంది. మొన్న ఊలిస్ వచ్చి కాఫీలో పాలెక్కువయ్యాయని సణిగి వెళ్ళాడు, అదీ నిజమేనా? మర్నాడూ కనిపించింది. ఆ మర్నాడూ. వాన పడుతుంటే వానలో తడుస్తూ కనిపించింది.

గురువారాలు మందులు తెచ్చేది రోనెల్. క్లేబేర్ కూతురే. స్కూలు బస్సు నడుపుతుంది, నోటికి బ్రేకులుండవు. ఆ ఇంట్లో తండ్రి పేరు ఎత్తకూడదు, అదొక్కటే నియమం.

"ఏంటత్తా, ఇవాళా అన్నం ముట్టలేదు? పిచ్చుకలా తింటే మాత్రలు నిన్నే తినేస్తాయి."

"బడిలో నువ్వు క్యారట్లు బల్ల కింద పారేసేదానివి. నాకు తిండి గురించి చెప్పొచ్చావు."

"నలభై ఏళ్ళయింది, ఆ క్యారట్లని ఒదిలెయ్యవే తల్లీ!"

ఎల్మీర్ నవ్వబోయింది. నవ్వితే పక్కటెముకలు కదిలి భగ్గుమంటుంది. ఊపిరి బిగబట్టి, ఏటి వైపు చూస్తూ అడిగింది.

"ఒసే, అటు వరండాలో ఏమైనా కనిపిస్తోందా నీకు?"

రోనెల్ అటు చూడను కూడా లేదు. "ముక్కాలిపీట. మార్చి నుంచీ అక్కడే ఉంది."

"మార్చి నుంచా!"

"నీకు సర్పి అని నేను చెప్పిన రోజు నుంచి. వాన పడితే తుడిచి మళ్ళీ అక్కడే పెడతాడు. మా అమ్మ తిడుతోంది, అడ్డమని. వినడే! పొద్దున్న బుట్టల పని చూసుకుని, మూడింటికల్లా స్నానం చేసి చొక్కా మార్చుకుని కూర్చుంటాడు." గొంతు తగ్గించింది. "తను రమ్మనకూడదు కదత్తా. నీళ్ళు దాటి రానూకూడదు. ఇంకేం చేస్తాడు?"

"చేతికి వేడెక్కువైనవాడు ఏమైనా చేస్తాడు," అంది ఎల్మీర్, పుల్లవిరుపుగా.

రోనెల్ వెళ్ళిపోయాక చాలాసేపు ఆ పీట వంక చూస్తూ కూర్చుంది. నిజం పీట. ఆర్నెల్లుగా నిజం పీట. ఒంట్లో మంట ఒకవైపు, పంతం ఒకవైపు. ఒక్కరోజైనా కంటినిండా నిద్రపోవాలని ఉంది. అంతకన్నా లోపల, ఎవరికీ చెప్పనిది, తమ్ముడు తనని అక్కా అని పిలవాలని ఉంది. డెబ్భై తొమ్మిదేళ్ళొచ్చాయి. ఇద్దరిలో ఒకరు పోతే ఆ పీటని రెండోవాళ్ళు ఏం చేసుకుంటారు?

శుక్రవారం మూడింటికి తిరగేసిన పట్టుచొక్కాతోనే, గొడుగు వేసుకుని బయల్దేరింది. వంతెన మీద గాలి ఎడమవైపు నుంచి కొడుతోంది. మధ్యలో ఆగి కమ్మీ పట్టుకుంది. కింద నీళ్ళు కదిలాయో లేదో. నాన్న పడవ ఇప్పుడు కింద నుంచి పోతోందేమో అనిపించింది. వంగి చూడలేదు, చూస్తే వెనక్కి పోతానని భయం.

క్లేబేర్ వరండాలో లేచి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా. జుట్టంతా తెల్లబడింది. చర్చిలో వీపే కనిపించేది, మొహం ఇంత ముసలిదైందని ఆవిడకి తెలియదు.

"ఏంటక్కా, ఎండలో పడొచ్చావు," అన్నాడు.

"నీ అంజూరం చెట్టు చూద్దామని. ఏం చెట్టురా అది, చీపురులా ఉంది."

"పిట్టలు తినేస్తున్నాయి."

"వల కప్పాలి. పీతల బుట్టలు అల్లడం వచ్చు గానీ చెట్టుకి ఒక వల కప్పడం రాదు."

"రాదు," అని ఒప్పుకున్నాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. పీట వంక చూడకుండా ఉండడానికి నానా తంటాలూ పడుతున్నాడు. ఎల్మీర్ గొడుగు మూసింది. గోడకి ఆనించింది. ఇంక మాట్లాడ్డానికి చెట్లేమీ మిగల్లేదు.

"ఒరే క్లేబేర్. నాకు సర్పి వచ్చింది. మంట పోవడం లేదు. చెయ్యి వెయ్యరా."

వాడు టోపీ తీశాడు. పీట ముందుకి జరిపాడు. ఆవిడ కూర్చుంది. నలభై ఒక్క ఏళ్ళు పక్కన నిలబడ్డ పీట మీద మొదటిసారి తను కూర్చుంది. వాడి అరచెయ్యి చొక్కాకి వెంట్రుకవాసి దూరంలో కదలడం మొదలైంది. వేడిగానే ఉంది, దొంగముండాకొడుకు, అబద్ధం చెప్పలేదు.

వాడు గొణుగుతున్నాడు. మాటలు వినిపించవు, వినిపించకూడదు. కానీ నడక వినిపిస్తుంది. ఆ నడక ఆవిడకి కొట్టినపిండి. కళ్ళు మూసుకుంది. మెల్లగా సాగి, సాగి, ఒకచోట వాడు ఠక్కున ఆగాడు. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. మళ్ళీ అందుకున్నాడు.

మర్చిపోయాడా? అక్కడ ఆపు లేదే. తాత ఆగేవాడు కాదు, తనూ ఆగేది కాదు. రెండోసారి చదివాడు, అక్కడే ఆగాడు, అదే ఊపిరి. మూడోసారి ఆగినప్పుడు ఎల్మీర్‌కి తెలిసింది. ఆస్పత్రి మంచం మీద, వాడి చెవిలో చెబుతూ, అక్కడ తనకి ఆయాసం వచ్చింది. ఊపిరి అందక ఆగింది. వాడు దాన్ని కూడా నేర్చుకున్నాడు. పదకొండేళ్ళుగా, వచ్చినవాళ్ళందరి మీదా, అక్క ఊపిరిని అక్క ఆగినచోటే ఆగి పీల్చి మరీ చెబుతున్నాడు.

ఆవిడ కళ్ళు తెరవలేదు. కళ్ళ కింద తడి మాత్రం ఎలా వచ్చిందో వచ్చింది.

అయిపోయింది. మంట పోయిందా అంటే పోలేదు. ఉన్నచోటే ఉంది, కాకపోతే అరవడం మానేసి గొణుగుతోంది. ఎల్మీర్ లేచి, గొడుగు అందుకుని, నోరు తెరిచింది. ఏం అనబోయిందో ఆవిడకే తెలియదు.

"నోరు ముయ్యి!" అన్నాడు క్లేబేర్, అచ్చు ఆవిడ గొంతుతో. "గొడుగేసుకుని పో!"

ఆవిడ నోరు మూసుకుంది. మెట్లు దిగుతుంటే వెనక నుంచి అన్నాడు, "రేపు కూడా రావాలి. తొమ్మిది రోజులు వరసగా."

ఎల్మీర్ ఆగింది. సర్పికి మూడు రోజులే. తాతకీ మూడే, తనకీ మూడే, వాడికి చెప్పిందీ మూడే. వెనక్కి తిరిగి చూసింది. తమ్ముడు టోపీని చేతుల్లో నలుపుతూ అంజూరం చెట్టు వైపు చూస్తున్నాడు.

"తొమ్మిదే కదా," అంది. "వస్తాలే."