వీపు మీది చెమట

రైల్వే గ్యాంగులో పట్టాల కింద కంకర దట్టించిన రోజుల్లో నూకరాజుకి కొండంత అన్నమూ ఇట్టే అరిగిపోయేది. రాయపూర్ ఆఫీసులో ఫ్యాను కింద స్టూలు దొరికాక అన్నం తగ్గలేదు, పొట్టే పెరిగింది. దాంతో భార్య సూరమ్మ క్యారేజీ కట్టడం మానేసింది. మధ్యాహ్నం రైల్వే కాలనీలో ఇంటికి నడిచొస్తేనే భోజనం. అదీ చొక్కా వీపు తడిమి చూసి, చెమటని బట్టి వడ్డన. ఓరోజు అతను గుమాస్తా స్కూటరెక్కి వచ్చేసి, వీధి కుళాయి దగ్గర వీపు తడుపుకున్నాడు. సూరమ్మ చెయ్యేసి ఫక్కున నవ్వింది.

"సెమట ఇంత సల్లగా ఉంటాదేటి, మావా?"

ఆ పూట సగం అన్నమే పెట్టింది. మర్నాడు నూకరాజు నిజంగానే నడిచొచ్చాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. సూరమ్మ సంబరంగా మూడో గరిటె ఎత్తేసరికి, కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"బస్, ఇంక సాలు. మల్లీ ఆఫీసుకి నడుసుకెల్లాల కదేటి!"